ఏడంటే ఎన్ని మార్కులు బిడ్డా?



సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మా హాస్టల్లో రెండు రోజులు ఒకటే లొల్లి. ఎవరి ఫోన్లో చూసినా మెమో ఫొటోలే. పాసయిన సంతోషం ఒక పూట ఉంటది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి చెప్పాలె కదా, అక్కడ మొదలవుతది అసలు కష్టం. ఫోన్లో మాట్లాడేది మా ఇంటి భాషలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

"ఎన్ని మార్కులు వచ్చినయ్ బిడ్డా?"

"మార్కులు కాదు బాపూ, ఎస్‌జీపీఏ. 6.92 వచ్చింది."

అవతల కొంచెంసేపు చప్పుడు ఉండదు. "ఏడేనా? నూటికా?"

"నూటికి కాదు, పదికి."

"పదికి ఏడంటే నూటికి డెబ్బై. మంచిగనే వచ్చినయ్ పో."

ఇక్కడ అవునని ఫోన్ పెట్టేయాలా, కాదని విడమరిచి చెప్పాలా అన్నది మా రూముల్లో ఎప్పుడూ తేలదు. విడమరిచి చెప్పాలంటే ముందు మాకు తెలవాలె. మాలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. క్రెడిట్ అంటే ఏంటో చెప్పే అన్న లేడు, అక్క లేదు. కాలేజీలో మొదటి రోజు చెప్పారంటారు. ఆ రోజు చెప్పింది ఇంగ్లిష్‌లో, మేము కూర్చున్నది వెనక బెంచీలో.

దానికి తోడు స్కూల్లో చూసిన లెక్క వేరు. మా బ్యాచ్ 2021లో పదో తరగతి. కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి ఇంటర్నల్ మార్కుల మీద జీపీఏ ఇచ్చారు. ఇంటర్లో మళ్లీ మార్కులు. డిగ్రీలో ఎస్‌జీపీఏ, సీజీపీఏ. ఇప్పుడు కొత్తగా వచ్చే తమ్ముళ్లకు ఇంకో తీరు. తెలంగాణలో 2025 నుంచి పదో తరగతి మెమోలో జీపీఏ పోయి మళ్లీ మార్కులే వచ్చాయి. అంటే వాళ్లు పాయింట్ల మొహం మొదటిసారి చూసేది డిగ్రీలోనే. అందుకే ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, చేతిలో మీ మెమో పెట్టుకొని చదవండి.

ముందు ఒక మాట. ఈ లెక్క మన వాళ్లకు కొత్త కాదు, దాని పేర్లే కొత్త. తునికాకు సీజన్లో కల్లం దగ్గర మన అమ్మలు చేసేది ఇదే. 50 ఆకులకు ఒక కట్ట. ఎన్ని కట్టలు, కట్టకు ఎంత, రెండూ గుణిస్తే పైసలు. కల్లేదారు నాలుగు కట్టలు తక్కువ రాస్తే సంతకం రాని మా అమ్మ కూడా పట్టుకుంటది.

సంత లెక్క తీసుకుందాం. అవ్వ నాలుగు కిలోల చింతపండు కిలో 50 చొప్పున అమ్మింది, ఒక కిలో తేనె 200కు అమ్మింది అనుకుందాం. ధరలు లెక్క కోసం అనుకున్నవే. చింతపండుకు 200, తేనెకు 200, మొత్తం 400 రూపాయలు. అమ్మింది ఐదు కిలోలు, అంటే సగటున కిలోకు 80 పడ్డది. ఇప్పుడు ఎవరన్నా 50, 200 కలిపి రెండుతో భాగించి "అవ్వా, నీకు కిలోకు 125 పడ్డది" అంటే అవ్వ నవ్వుతది. 125 చొప్పున ఐదు కిలోలకు 625 రావాలె, చేతిలో 400 ఉన్నయ్. ఏ సరుకు ఎంత బరువుందో చూడకుండా ధరలు మాత్రమే కలిపితే లెక్క తప్పుతది.

క్రెడిట్ అంటే సరుకు బరువు. గ్రేడ్ పాయింట్ అంటే కిలో ధర. ఎస్‌జీపీఏ అంటే ఆ సెమిస్టర్లో మనకు సగటున కిలోకు పడ్డ ధర. సీజీపీఏ అంటే అన్ని సెమిస్టర్ల సరుకూ ఒక్కచోట పోసి తీసిన సగటు. గంతే.

యూజీసీ చెప్పిన పది పాయింట్ల పద్ధతిలో గ్రేడ్లు ఇట్ల ఉంటాయి. ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4, ఎఫ్ అంటే సున్నా. పరీక్షకు పోకపోయినా సున్నానే. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో ఈ సెమిస్టర్, క్రెడిట్ పద్ధతి 2016-17 నుంచి నడుస్తోంది. కానీ అన్ని యూనివర్సిటీలూ ఇవే అక్షరాలు వాడవు, ఏ గ్రేడుకు ఎన్ని మార్కులన్నదీ ఒక్కో చోట ఒక్కో తీరు. మీ మెమో వెనక్కి తిప్పి చూడండి, చాలా మెమోలకు వెనక పట్టిక ఉంటది. లేకపోతే యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లో ఉంటది.

ఇప్పుడు బాపుకు చెప్పిన ఆ 6.92 ఎట్ల వచ్చిందో చూద్దాం. బీఎస్సీ మొదటి సెమిస్టర్, 25 క్రెడిట్లు.

ఇంగ్లిష్ 4 క్రెడిట్లు, బీ వచ్చింది: 4 × 6 = 24
తెలుగు 4 క్రెడిట్లు, ఏ: 4 × 8 = 32
బోటనీ థియరీ 4 క్రెడిట్లు, బీ ప్లస్: 4 × 7 = 28
బోటనీ ల్యాబ్ 1 క్రెడిట్, ఓ: 1 × 10 = 10
జువాలజీ థియరీ 4 క్రెడిట్లు, బీ: 4 × 6 = 24
జువాలజీ ల్యాబ్ 1 క్రెడిట్, ఓ: 1 × 10 = 10
కెమిస్ట్రీ థియరీ 4 క్రెడిట్లు, సీ: 4 × 5 = 20
కెమిస్ట్రీ ల్యాబ్ 1 క్రెడిట్, ఏ ప్లస్: 1 × 9 = 9
పర్యావరణం 2 క్రెడిట్లు, ఏ: 2 × 8 = 16

అన్నీ కలిపితే 173. 173ను 25తో భాగిస్తే 6.92. మెమో మీద ఉన్నది అదే.

క్రెడిట్లు చూడకుండా తొమ్మిది గ్రేడ్ పాయింట్లూ కలిపి తొమ్మిదితో భాగిస్తే 7.67 వస్తది. మెమోలో 6.92 చూసి "యూనివర్సిటోళ్లు మార్కులు కోసేశారు" అని ఏడ్చినవాళ్లున్నారు. ఎవరూ కోయలేదు. ల్యాబులు ఒక్క కిలో తేనె లాంటివి. ధర ఎక్కువ, బరువు తక్కువ.

ఈ లెక్క అర్థమయితే చదువు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తది. పైన కెమిస్ట్రీ థియరీ సీ నుంచి బీ ప్లస్‌కు పెరిగితే మొత్తం 173 నుంచి 181 అవుతది, ఎస్‌జీపీఏ 7.24. అదే మిగిలిన ఒక్క ల్యాబూ ఓ చేసుకుంటే 174, అంటే 6.96. రాత్రంతా కూర్చొని రికార్డులో రంగు పెన్సిళ్లతో బొమ్మలు దిద్దుతూ, కెమిస్ట్రీ పుస్తకం మూసి పెట్టేవాళ్లను మా వింగ్‌లో చాలామందిని చూస్తాం. రికార్డు రాయొద్దని కాదు. బరువెంతో తెలిసి రాయండి.

ఇంకొకటి, గ్రేడు గీతల సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 పట్టికలో 60 నుంచి 69 దాకా బీ ప్లస్, అంటే 7. 50 నుంచి 59 దాకా బీ, అంటే 6. అంటే 60 వచ్చినోడికీ 69 వచ్చినోడికీ ఒకటే పాయింటు. కానీ 59 వచ్చినోడికి ఒక్క మార్కుతో ఒక మెట్టు కింద. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో ఆ ఒక్క మార్కు ఖరీదు నాలుగు పాయింట్లు. రీవాల్యుయేషన్ ఫీజు కట్టాలా వద్దా అని మా దగ్గరకొచ్చే తమ్ముళ్లకు ముందు ఇదే అడుగుతాం: గీతకు ఎంత దూరంలో ఉన్నవ్? 58, 59 దగ్గర ఉంటే ఆలోచించు. 63 దగ్గర ఉండి రెండు మార్కులు పెరిగినా నీ గ్రేడు మారదు, ఫీజు పోతది. ఆ ఫీజు ఇంట్లో ఒకరోజు కూలి అన్నది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటర్నల్ మార్కులు ఇక్కడే పనికొస్తాయి. అసైన్‌మెంట్ ఇవ్వకపోతే పోయేది రెండు మూడు మార్కులే అనుకుంటాం. ఆ రెండు మూడు మార్కులే గీత దాటిస్తాయి. పండగకు ఊరికి పోయి ఇంటర్నల్ పరీక్ష వదిలేస్తే, దండారి అయిపోయినంక కూడా ఆ లోటు మెమోలో ఉంటది.

ఎఫ్ వస్తే ఏమైతది? పై మెమోలోనే కెమిస్ట్రీ థియరీకి ఎఫ్ వచ్చిందనుకోండి. 20 పోయి సున్నా. మొత్తం 153. చాలాచోట్ల ఆ నాలుగు క్రెడిట్లు కింద భాగహారంలో అట్లనే ఉంటాయి, కాబట్టి 153ను 25తోనే భాగించాలె, 6.12. కొన్నిచోట్ల సబ్జెక్టు పాసయ్యేదాకా ఎస్‌జీపీఏనే చూపించరు, గీత గీసి వదిలేస్తారు. భయపడొద్దు. సప్లిమెంటరీలో పాసయితే కొత్త గ్రేడు వచ్చి సున్నా జాగలో కూర్చుంటది. కానీ ఎంత తొందరగా కట్టుకుంటే అంత మంచిది. పైసెమిస్టర్ల బరువు మీద పడ్డంక పాత సబ్జెక్టు ముట్టుకోవడం ఎంత కష్టమో బ్యాక్‌లాగులు ఉన్న ప్రతి అన్నకూ తెలుసు.

ఇక సీజీపీఏ. ఇక్కడ మా సీనియర్ అక్క సంగతి రాయాలె. ఆమె సరేనన్నాకే రాస్తున్నాం, పేరూ ఊరూ రాయట్లేదు.

అక్క ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో మొదటి ఏడాది పుస్తకం తెరిస్తే అన్నీ ఇంగ్లిషే. మొదటి సెమిస్టర్ 5.60. రెండో సెమిస్టర్ 6.00. తర్వాత మెల్లగా పుంజుకుంది. 6.33, 6.67, 7.17, చివరి సెమిస్టర్ 7.30. ప్రతి సెమిస్టర్‌కు పెరిగిందే తప్ప ఒక్కసారి తగ్గలేదు. ఆరూ కలిపి ఆరుతో భాగిస్తే 6.51. ఆమె లెక్క అదే, ఇంటికీ అదే చెప్పింది.

ఫైనల్ మెమో వచ్చింది. సీజీపీఏ 6.49.

కారణం మళ్లీ బరువే. ఆమె కోర్సులో మొదటి రెండు సెమిస్టర్లు 25 క్రెడిట్ల చొప్పున, మూడు నాలుగు 27 చొప్పున, ఐదు ఆరు 23 చొప్పున, మొత్తం 150. మంచిగ వచ్చిన చివరి రెండు సెమిస్టర్ల బరువు తక్కువ. పాయింట్లు వరసగా 140, 150, 171, 180, 165, 168. మొత్తం 974. 150తో భాగిస్తే 6.49.

975 ఉంటే 6.50. ఒక్క పాయింటు. మూడేళ్లలో ఏదో ఒక్క ల్యాబులో ఒక్క గ్రేడు. పైన ల్యాబు బరువు తక్కువ అన్నాం కదా, గీత మీద నిలబడ్డప్పుడు ఆ ఒక్క కిలో కూడా బరువే.

6.50కి అంత పట్టింపు ఏంటంటే, ఆమె యూనివర్సిటీలో సీజీపీఏను పర్సెంటేజీ చేసే సూత్రం ఇది: సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలె. 6.50 అయితే సరిగ్గా 60 శాతం. 6.49 అయితే 59.9. అప్పుడే ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగాలకు 60 శాతం అడిగింది. ఊరి దగ్గర మీసేవ పక్కన ఉన్న నెట్ సెంటర్లో అప్లై చేసింది. అక్కడున్నాయన ఫోన్లో చూసి 9.5తో గుణించి 61.65 అని కొట్టాడు. పరీక్ష రాసింది, పాసయింది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు హైదరాబాద్ పోయింది. యూనివర్సిటీ లెక్క ప్రకారం 59.9 ఉంటే ఫారంలో 61.65 ఎట్ల రాశావని అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. పొద్దున దిగిన బస్టాండులోనే సాయంత్రం మళ్లీ బస్సెక్కింది.

59.9కి ఆ ఉద్యోగం ఎట్లాగూ రాకపోయేది. నొప్పి అది కాదు. అబద్ధం రాసినట్టు తన మొహం చూసి అడిగారు కదా, అదే ఇప్పటికీ పోలేదంటది అక్క.

9.5 ఎక్కడిదో తెలుసుకోండి. సీబీఎస్ఈ పదో తరగతిలో సీజీపీఏ ఇచ్చిన రోజుల్లో, సుమారు పర్సెంటేజీ కోసం పెట్టిన గుణకం అది. మన డిగ్రీకి దానితో సంబంధం లేదు. కానీ ఫోన్లో వెతికితే ముందు అదే వస్తది. యూనివర్సిటీ సూత్రాలు వేరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18లో 0.5 తీసి పదితో గుణించాలె. ఏఐసీటీఈ హ్యాండ్‌బుక్ పట్టికలో 6.25కు 55 శాతం, 6.75కు 60, 7.25కు 65, 7.75కు 70. అంటే 0.75 తీసి పదితో గుణించినట్టు. కొన్ని యూనివర్సిటీలు నేరుగా పదితో గుణిస్తాయి.

ఒకే సీజీపీఏ 6.60 తీసుకొని చూడండి. పదితో గుణిస్తే 66. 9.5తో గుణిస్తే 62.7. 0.5 తీస్తే 61. 0.75 తీస్తే 58.5. మనిషి ఒక్కడే, చదువు ఒక్కటే, పర్సెంటేజీలు నాలుగు. అందులో మూడు 60 పైన, ఒకటి 60 కింద. ఏది ఎక్కువుంటే అది మనది కాదు. మన యూనివర్సిటీ ఏది చెప్తే అదే మనది.

పాయింట్ల దగ్గర కనికరం ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి. ఐబీపీఎస్ బ్యాంకు నోటిఫికేషన్లలో రాసే ఉంటది, 59.99 ఉంటే 60 కంటే తక్కువగానే లెక్క, 54.99 ఉంటే 55 కంటే తక్కువే. అట్లనే మనకున్న సడలింపులు కూడా తెలుసుకోవాలె. యూజీసీ నెట్‌కు పీజీలో జనరల్ వాళ్లకు 55 శాతం కావాలె, ఎస్టీలకు 50 చాలు. 52 శాతం వచ్చిన మన అన్న ఒకరు నాకు అర్హత లేదని రెండేళ్లు అప్లై చేయకుండా కూర్చున్నాడు. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఫెలోషిప్ ఏటా 750 మందికి కొత్తగా ఇస్తారు, ఎంపిక పీజీ మార్కుల మెరిట్ మీద. అక్కడ దశాంశం తర్వాత అంకె కూడా వరసలో ముందుకో వెనక్కో నెడతది.

ఒక పనికొచ్చే లెక్క చెప్పి ముగిస్తాం. వెనక నుంచి ముందుకు లెక్క కట్టడం. అక్క నాలుగో సెమిస్టర్ అయిపోయేసరికి 104 క్రెడిట్లు, 641 పాయింట్లు. 150 క్రెడిట్లకు 6.50 కావాలంటే 975 కావాలె. మిగిలినవి 334 పాయింట్లు, మిగిలిన క్రెడిట్లు 46. భాగిస్తే 7.26. అంటే రెండు సెమిస్టర్లూ సగటున 7.26 తెచ్చుకోవాలని రెండో ఏడాది చివర్లోనే తెలిసిపోతది. ఆమె తెచ్చుకున్నది 333. ఎవరన్నా అప్పుడే ఈ కాగితం చేతిలో పెట్టి ఉంటే ఆ ఒక్క పాయింటు ఎక్కడో ఒకచోట దొరికేది.

ఇప్పుడు మా హాస్టల్లో ఒక పెద్ద నోట్‌బుక్ పెట్టుకున్నాం. ఇష్టమున్నవాళ్లు తమ పేజీలో ప్రతి సెమిస్టర్ క్రెడిట్లు, పాయింట్లు రాసుకుంటారు. ఎస్‌జీపీఏ ఒక్కటే రాసుకోరు, పాయింట్ల మొత్తం కూడా రాస్తారు, ఎందుకంటే కలపడానికి పనికొచ్చేది అదే. ఆదివారం సాయంత్రం మెస్‌లో కూర్చొని జూనియర్లకు నేర్పిస్తాం. క్యాలిక్యులేటర్ యాప్‌లు ఉన్నాయి, వాడుకోండి. కానీ ఒక్కసారి చేత్తో చేయండి. యాప్‌కు మీ యూనివర్సిటీ సూత్రం తెలియకపోవచ్చు.

మీ హాస్టల్లో కూడా ఈ నాలుగు పనులు చేయండి. ఒకటి, మొదటి సెమిస్టర్ మెమో నుంచి క్రెడిట్లు, పాయింట్లు రాసి పెట్టండి. రెండు, మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లో పర్సెంటేజీ సూత్రం ఉన్న పేజీ ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. సూత్రం దొరకకపోతే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి కాగితం మీద తీసుకోండి, నోటి మాట వెరిఫికేషన్లో పనికిరాదు. మూడు, నెట్ సెంటర్లో ఫారం నింపేటప్పుడు పర్సెంటేజీ గడి దగ్గర ఆగమని చెప్పి మీరే అంకె చెప్పండి. నాలుగు, నోటిఫికేషన్లో ఎస్టీ సడలింపు ఉందో లేదో చూడకుండా "మనకు రాదులే" అనొద్దు.

సీజీపీఏ మన తెలివికి కొలత అని మేము అనట్లేదు. పరాయి భాషలో మొదటి ఏడాది ఈదిన పిల్ల 5.60 నుంచి 7.30కి వచ్చిందంటే ఆ ఎక్కిన గుట్ట ఎంతో ఏ మెమోలోనూ ఉండదు. కానీ తలుపు దగ్గర నిలబడ్డవాడు అడిగేది ఆ అంకెనే. చదవలేక ఆగిపోతే అది వేరే బాధ. చదివి కూడా లెక్క తెలియక ఆగిపోవడం మాత్రం మన తర్వాత వచ్చేవాళ్లకు ఉండొద్దు.

అక్క ఇప్పుడు బీఎడ్ చేస్తోంది. టీచర్ అయినంక పిల్లలకు మొదటి సగటు లెక్క చింతపండు, తేనెతోనే చెప్తానంటది.

మీ యూనివర్సిటీ సూత్రం తెలిసినవాళ్లు రెగ్యులేషన్ పేరు, ఏ ఏడాది బ్యాచ్‌కో కలిపి రాయండి. అన్నీ ఒక్కచోట చేర్చి ఉంచుదాం.

జై ఆదివాసీ.